ఎండ మీద నింద!

ఎండాకాలం వచ్చిందంటే కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నిందలన్నీ ఎండ మీదే. బోరులో నీళ్లు తగ్గాయా... ఎండ. గేదె పాలివ్వలేదా... ఎండ. పిల్లాడు పుస్తకం ముట్టలేదా... అదీ ఎండే! ఇక బండి లాగకపోతే వేరే చెప్పాలా? 'ఈ ఎండకి ఇంజిన్లు అంతేనప్పా' అని షెడ్డులో ఎవరో ఒక మాట అనేస్తే చాలు. బండి యజమాని మారు మాట్లాడకుండా తలూపి ఇంటికొచ్చేస్తాడు.

ఎండకి ఇందులో పాత్రే లేదని కాదు. ఈ పక్క వేసవిలో నలభై డిగ్రీలు దాటడం వార్తే కాదు. నల్లరేగడి నెర్రెలిస్తుంది. ఆదోని కొండల రాళ్లు పొద్దుపోయాక కూడా పొయ్యి మీది పెనంలా సెగలు కక్కుతుంటాయి. అలాంటి గాలిని పీల్చి పరుగెత్తే ఇంజినుకి ఆయాసం రాకుండా ఎలా ఉంటుంది? వస్తుంది. కానీ ఎంత? ఎండ నిజంగా మింగేది ఎంత, మనం ఎండ పేరు చెప్పి వదిలేసేది ఎంత... ఈ లెక్క తెలిస్తే చాలా ఇళ్లలో డబ్బు మిగులుతుంది. ఒక్కోసారి అంతకన్నా విలువైనది కూడా.

ఇంజిన్ తిండి... గాలి!

బండికి తిండి పెట్రోలో డీజిలో అనుకుంటాం. నిజానికి అది తినేదాంట్లో ఎక్కువ భాగం గాలే. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 11 కిలోల గాలి కావాలి. 45 డిగ్రీల ఎండలో 11 కిలోల గాలి అంటే సుమారు పదివేల లీటర్లు. ట్రాక్టరు వెనక వచ్చే నీళ్ల ట్యాంకర్లు రెండు ఊహించుకోండి. ఒక్క లీటరు పెట్రోలు కోసం ఇంజిన్ అంత గాలిని లోపలికి లాక్కోవాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. పలుచబడుతుంది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర ఉండే గాలికీ, మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల దగ్గర ఉండే గాలికీ బరువులో తేడా నూటికి ఎనిమిది పాళ్లు. అంటే అదే సిలిండరు, అదే గుటక... కానీ లోపలికి పోయే ఆక్సిజన్ ఎనిమిది పాళ్లు తక్కువ. ఎండ మింగేది అంతే. నూటికి ఎనిమిది! ఈ అంకెని గుర్తుపెట్టుకోవాలి. తర్వాత దీంతో పని ఉంది.

నొక్కి నింపితే...

గాలి చాలకపోతే నొక్కి నింపొచ్చు కదా అనే ఆలోచన పాతదే. మోటారు కారు పుట్టిన రోజుల్లోనే జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ దాని మీద పనిచేశాడు. ఇంజిన్ శక్తితోనే తిరిగే పంపు ఒకటి పెట్టి గాలిని లోపలికి తోసేది సూపర్‌చార్జర్. 1921 బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ కంపెనీ అలాంటి కార్లను జనానికి చూపించింది. మన దేశంలోనూ 2000 తర్వాత కొన్నేళ్లపాటు బెంజ్ సి-200 కార్ల వెనక 'కంప్రెసర్' అన్న మాట కనిపించేది. అది ఈ సూపర్‌చార్జర్ పేరే.

ఈలోగా స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూచీ ఇంకో దారి చూపించాడు. పొగగొట్టం నుంచి వృథాగా పోయే వేడి పొగతోనే పంపుని ఎందుకు తిప్పకూడదు? 1905లో దానికి ఆయన పేటెంటు తీసుకున్నాడు. అదే టర్బోచార్జర్. ఇవాళ ఆదోని మార్కెట్ యార్డు ముందు నిలబడితే కనిపించే లారీల్లో, బొలేరోల్లో, స్కార్పియోల్లో ఉన్నది ఇదే. ఒకప్పుడు టాటా లారీల మీద అంకెల పక్కన 'టీసీ' అని ఉంటే, టికెట్ కలెక్టరుకీ లారీకీ ఏం సంబంధమని పిల్లలు అడిగేవారు. ఆ రెండక్షరాలూ టర్బోచార్జరువే. ఇప్పుడు డీజిల్ బండ్లే కాదు, నెక్సాన్, వెన్యూ లాంటి చిన్న పెట్రోలు కార్లకీ టర్బో వచ్చేసింది.

బాగానే ఉంది. కానీ గాలిని నొక్కితే ఊరుకుంటుందా? సైకిలు పంపు కొట్టిన చెయ్యి ఎవరిదైనా ఈ సంగతి చెబుతుంది. పది సార్లు దబదబా కొట్టి పంపు అడుగు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది మరి! బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు టర్బో ఆ గాలిని 1.8 రెట్లు నొక్కిందనుకుంటే వేడి 120 డిగ్రీలకు అటూ ఇటూ చేరుతుంది. నీళ్లు మరిగే వేడిని దాటిపోయిందన్నమాట. వేడెక్కితే మళ్లీ పలుచబడుతుంది. ఒక చేత్తో పెట్టి, ఇంకో చేత్తో తీసుకున్నట్టు!

పెట్రోలు ఇంజిన్లో ఇంకో బాధ కూడా ఉంది. గాలి మరీ వేడిగా ఉంటే నిప్పురవ్వ పని పూర్తికాకముందే పెట్రోలు తనంతట తానే భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టన్లకే ముప్పు. అందుకే ఇప్పటి కార్లలో లోపలికి వచ్చే గాలి వేడిని కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. వేడి పెరిగిందని అది చెప్పగానే కారులోని కంప్యూటరు రవ్వ పడే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. బలాన్ని తగ్గిస్తుంది. డ్రైవరుకి మాత్రం 'పికప్ పోయింది' అనిపిస్తుంది.

దీనికి మందు ఇంటర్‌కూలర్. చూడటానికి రేడియేటరు తమ్ముడిలా ఉంటుంది. టర్బో నుంచి వచ్చిన వేడిగాలి దాని సన్నటి గొట్టాల్లోంచి పోతుంది. బయట నుంచి కొట్టే గాలి ఆ గొట్టాలని చల్లారుస్తుంది. నాలుగింట మూడొంతుల అదనపు వేడి అక్కడే దిగిపోతుంది. 120 డిగ్రీల గాలి 60 దగ్గరికి వచ్చేస్తుంది.

ఇది ఎండ దేశాల అవసరమే అనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ స్పిట్‌ఫైర్ విమానాలకు 1942లో అమర్చిన మెర్లిన్ 61 ఇంజిన్‌కి రెండంచెల సూపర్‌చార్జరుతోపాటు గాలిని చల్లార్చే కూలరూ పెట్టారు. తొమ్మిది కిలోమీటర్ల ఎత్తులో బయట గాలి మైనస్ 40 డిగ్రీలు. అక్కడ కూడా నొక్కిన గాలి వేడెక్కిపోయేది మరి!

గుంతకల్లు పాఠం

ఈ సంగతులు కౌతాళం చుట్టుపక్కల వాళ్లకు కొత్తేమీ కాదు. కోసిగి, ఆదోని స్టేషన్ల మీదుగా పోయే రైళ్లను చూస్తూ పెరిగినవాళ్లకి డీజిల్ ఇంజిన్ ఈల గుర్తుండే ఉంటుంది. గుంతకల్లు, గుత్తి డీజిల్ షెడ్లలో పనిచేసినవాళ్లను అడిగితే 'టీఎస్‌సీ' అన్న మాట వినిపిస్తుంది. టర్బో సూపర్‌చార్జర్ అని. 1960ల నుంచి మన పట్టాల మీద తిరిగిన డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లో పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. అంత బలం రావడానికి కారణం ఆ టర్బో. దాని పక్కనే నొక్కిన గాలిని నీళ్లతో చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ ఉండేది. బండి కదిలేటప్పుడు గుప్పుమని నల్లటి పొగ రావడానికి కారణమూ ఇదే. డీజిల్ ముందు పడేది, టర్బో వేగం అందుకుని గాలి పంపేది తర్వాత. బండి పరుగు అందుకున్నాక పొగ పలుచబడేది.

ఇప్పుడు ఆ దారిలో కరెంటు తీగలు వచ్చాయి. ఆ ఈల అరుదైపోయింది. కానీ అది చెప్పిన పాఠం ఇంకా పనికొస్తుంది. పరుగులో ఉన్న ఇంజిన్‌కి కాదు... కదలబోయే ఇంజిన్‌కే కష్టం!

రెండు గేర్ల తేడా

కౌతాళంలో ఓ ఇల్లు అనుకుందాం. పేర్లు అక్కర్లేదు. ఇలాంటి ఇళ్లు ఆ మండలంలో చాలానే ఉంటాయి. తండ్రి ముప్పై ఏళ్లు లారీ తోలి మానేసినవాడు. కొడుక్కి ఆదోనిలో చిన్న ఎలక్ట్రికల్ షాపు. అప్పు చేసి సెకండ్‌హ్యాండ్‌లో టర్బో పెట్రోలు కారు కొన్నాడు. కోడలికి ఎనిమిదో నెల. ఊరి దగ్గర చూసిన డాక్టరమ్మ కర్నూలుకి తీసుకెళ్లి చూపించమని చెప్పింది.

ఏప్రిల్ వచ్చేసరికి కారు మొరాయించడం మొదలుపెట్టింది. చలికాలంలో నాలుగో గేరులో ఎక్కిన మిట్టని రెండో గేరులో గానీ ఎక్కడం లేదు. ఒక షెడ్డులో ఎండ అన్నారు. ఇంకో షెడ్డులో టర్బో పోయింది, మార్చాలన్నారు. ఆ రేటు వింటే కొడుక్కి రెండు నెలల కిస్తీలు కళ్ల ముందు తిరిగాయి. ఎటూ ఎండే కదా, జూన్‌లో వానలు పడితే అదే సర్దుకుంటుందని సరిపెట్టుకున్నాడు.

పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఏం రా, ఎండ నిన్నా మొన్నా పుట్టిందా? ముప్పై ఏండ్లు ఈ ఎండలోనే గదా పత్తి బేళ్లు మోసినాను! ఎండ పడితే గేరు ఒకటి మారతాది. రెండు గేర్లు మారినాయంటే అది ఎండ కాదు."

"షెడ్డులో చెప్పినారు నాయనా..."

"షెడ్డులో బానెట్ ఎత్తినారా? ముందు దాన్ని ఎత్తు."

పెద్దాయన కంప్యూటరు చదువు చదవలేదు. నూటికి ఎనిమిది పాళ్ల లెక్కా కట్టలేదు. కానీ ఆయన చేతికి ఆ లెక్క తెలుసు. ఎనిమిది పాళ్లు పోతే ఒక గేరు. సగం బలం పోయినట్టుంటే మాత్రం కారణం వేరే ఎక్కడో ఉంది.

ఇంజిన్ చల్లారాక ముందు బంపరు సందులోంచి టార్చి వేసి చూశారు. ఇంటర్‌కూలర్ రేకులు కనిపించలేదు. దాని ముందు బూడిదరంగు పరుపు ఒకటి ఉంది! కొడుకు షాపు ఉన్నది జిన్నింగ్ మిల్లుల దారిలో. పత్తి సీజనంతా కారు ఆ రోడ్డు పక్కనే నిలబడింది. గాల్లో ఎగిరిన దూది పింజలు, వాటి మీద రేగడి దుమ్ము, దాని మీద మళ్లీ దూది... పొరలు పొరలుగా పేరుకుపోయింది. గాలి దూరే సందే లేదు. కూలరు ఉండీ లేనట్టే.

అంతటితో అయిపోలేదు. టర్బో నుంచి కూలరుకి వెళ్లే రబ్బరు పైపు అతుకు దగ్గర నూనె మరక కనిపించింది. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకరు ఆక్సిలరేటరు తొక్కుతుంటే, పంక్చర్ షాపులో ట్యూబుకి చూసినట్టు సబ్బునీళ్లు పూసి చూశారు. బుసబుసా బుడగలు! క్లిప్పు వదులైంది. టర్బో కష్టపడి నొక్కిన గాలి సగం దారిలోనే బయటికి పోతోంది. కొత్త క్లిప్పు వేశారు. మెత్తటి బ్రష్షుతో దూది తీశారు. ఎయిర్ ఫిల్టరు మార్చారు. మొత్తం ఖర్చు ఒక పూట ఆదోని హోటల్లో ఇంటిల్లిపాదీ భోంచేసినంత!

ఫోనులో అంకెలు

కర్నూలు ప్రయాణం పెట్టుకున్న రోజు మే నెల ఎండ. కౌతాళం నుంచి ఆదోని, అక్కడి నుంచి ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు మీదుగా కర్నూలు. స్టీరింగు కింద ఒక చిన్న ప్లగ్గు గుచ్చితే ఇంజిన్ లోపలి అంకెలు ఫోనులో కనిపిస్తాయి. కొడుక్కి ఆ సరదా ఉంది. లోపలికి పోయే గాలి వేడి ఎంతో చూసుకుంటూ బయల్దేరాడు. వెనక సీట్లో నిండు గర్భిణి ఉంటే ఎవరికి మాత్రం భయం ఉండదు?

వేగం పెంచితే వేడి పెరుగుతుందేమోనని ముందు నలభైలోనే తోలాడు. పెద్దాయన నవ్వి ఎనభైకి పొమ్మన్నాడు. ఆశ్చర్యం... అంకె పెరగలేదు సరికదా, తగ్గింది! బయట 42 డిగ్రీలుంటే లోపలికి పోయే గాలి 52 దగ్గర నిలబడింది. ఎనభై మీద ఎంతసేపు పోయినా అంతే.

దీని వెనక కిటుకు ఏమీ లేదు. చదునైన రోడ్డు మీద గంటకి ఎనభై కిలోమీటర్ల నిలకడ వేగానికి మామూలు కారుకి పదిహేను, ఇరవై హార్స్‌పవర్ చాలు. నూరు హార్స్‌పవర్ ఇంజిన్ అయిదో వంతు పని చేస్తే సరిపోతుంది. అప్పుడు టర్బో గాలిని గట్టిగా నొక్కాల్సిన పనే ఉండదు. సూపర్‌చార్జరు ఉన్న కార్లలోనైతే ఆ కాస్త గాలీ నొక్కకుండా పక్కదారిలో పంపే మూత ఒకటి తెరుచుకుంటుంది. కొన్నిటిలో క్లచ్ వదిలేసి పంపునే ఆపేస్తారు. ఇటు పుట్టే వేడి తక్కువ. అటు కూలరుని చల్లార్చే ఎదురుగాలి ఎక్కువ. అందుకే హైవే మీద నిలకడగా పోయే బండికి లోపలి గాలి బయటి ఎండకన్నా పది, పదిహేను డిగ్రీలకు మించి వేడెక్కదు.

అంకె పరుగెత్తింది ఎమ్మిగనూరులో. ట్రాఫిక్‌లో కొంతసేపు, కూల్‌డ్రింకు కోసం కొంతసేపు బండి నిలబడింది. ఇంజిన్ వేడి బానెట్ కింద బందీ అయిపోయింది. పైపులూ, కూలరూ, సెన్సరూ... అన్నీ ఆ ఆవిరిలో ఉడికాయి. తిరిగి బయల్దేరేసరికి 68! ఒక్క మైలు కూడా పరుగెత్తకుండానే!

"నాయనా, అరవై ఎనిమిది చూపిస్తాంది..."

"నిలబడితే ఏడ గాలి రా? పోనీ. ఒక అయిదు కిలోమీటర్లు గట్టిగా తొక్కొద్దు. నింపాదిగా పోతాంటే అదే దిగతాది."

దిగింది. కాసేపటికి మళ్లీ 54. మిట్టలన్నీ నాలుగో గేరులోనే ఎక్కింది. చెప్పిన వేళకి కర్నూలు ఆసుపత్రి గుమ్మం ముందుంది. కోడలు ఒక్కసారి కూడా 'ఇంకెంత దూరం?' అని అడగాల్సిన పని పడలేదు. ఏప్రిల్‌లో ఉన్నట్టే కారు ఉండి ఉంటే, ఎండే కదా అని ఊరుకుని ఉంటే... ఆ ప్రయాణం ఎలా ఉండేదో తలుచుకోవడానికి కూడా ఆ ఇంట్లో ఎవరూ ఇష్టపడరు.

బండి ముక్కు మూయొద్దు

అసలు భయపడాల్సింది హైవే పరుగు గురించి కాదు. ఆగి ఆగి పోయే దారుల గురించి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి పోయే బండ్ల వరస ఎలా ఉంటుందో ఆ పక్క వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమల ఘాట్ ఎక్కే లోడు బండి సంగతీ అంతే. వేగం తక్కువ, టర్బో నొక్కుడు ఎక్కువ, ఎదురుగాలి సున్నా. వేడి పెరిగేది అక్కడ. సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయి ఎండలు ముదిరాక తిరిగొచ్చే కుటుంబాలు ఎక్కే బండ్లు దాటేదీ అలాంటి దారులే. ఆ బండి కూలరు శుభ్రంగా ఉందో లేదో బయల్దేరే ముందు ఒక్కసారి చూడటం యజమానికి పెద్ద పనేమీ కాదు.

చేయాల్సినవీ చిన్న పనులే. వేసవి ముందు ఒకసారి, పత్తి సీజను అయ్యాక ఒకసారి బండి ముందు జాలీ లోపల టార్చి వేసి చూడాలి. దూది, దుమ్ము, పురుగులు ఉంటే ఇంజిన్ చల్లారాక మెత్తటి బ్రష్షుతోనో, తక్కువ గాలితో లోపలి నుంచి బయటికి ఊదించో తీయాలి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి. అప్పుడు ఉన్న దారీ మూసుకుపోతుంది. పైపుల అతుకుల దగ్గర నూనె మరక, తొక్కినప్పుడు 'ఉస్సు'మనే చప్పుడు ఉంటే క్లిప్పులు చూడాలి.

కుర్రకారు కొందరు చప్పుడు బాగుంటుందని కంపెనీ ఫిల్టరు డబ్బా తీసేసి బానెట్ కింద విప్పారిన ఫిల్టర్లు బిగిస్తుంటారు. కంపెనీ డబ్బా ముక్కు ముందు వైపు ఉండి బయటి గాలిని పీలుస్తుంది. కొత్తగా బిగించింది ఇంజిన్ సెగనే పీలుస్తుంది. వంటింట్లో పొయ్యి మీద వంగి ఊపిరి తీసుకున్నట్టు! చప్పుడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. ఆయుధపూజకి కట్టిన దండలు, అరటి పిలకలు, ఎన్నికల్లో కట్టిన ఫ్లెక్సీలు జాలీ ముందు అలాగే వదిలేసినా బండి ముక్కు మూసినట్టే. ఇంకో మాట... దూరం పోయి ఆగగానే తాళం తిప్పేయకుండా రెండు నిమిషాలు ఇంజిన్ అలా వదిలితే మంచిది. మండిపోతున్న టర్బోలోంచి నూనె తిరిగి కాస్త వేడి దిగుతుంది.

ఇవన్నీ చేశాక కూడా మే మధ్యాహ్నం బండి జనవరి తెల్లవారుజాములా లాగదు. ఆ ఎనిమిది పాళ్లూ ఎండకి ఇచ్చుకోవాల్సిందే. అది దాని వాటా. దాని మీద తగాదా పడి లాభం లేదు. ఎనిమిదికి మించి పోతోందంటే మాత్రం అది ఎండ పద్దులో రాయకూడదు. మూసుకుపోయిన సందు, వదులైన క్లిప్పు, మార్చని ఫిల్టరు... ఎవరి వాటా ఎంతో బానెట్ ఎత్తితే అవే చెబుతాయి.

ఎండ నోరు లేనిది. ఎన్ని నిందలు వేసినా మోస్తుంది. ఖర్చు మాత్రం మనమే మోయాలి. అందుకే ఈసారి బండి ఆయాసపడితే తల పైకెత్తి ఆకాశం వైపు చూడటం కాదు... తల దించి బానెట్ లోపలికి చూడాలి!